నొప్పి లేని చోట సూదులు

మిణుగురు వచ్చాక మా గదిలో మాటలు కరువయ్యాయి.

మిణుగురంటే పురుగు కాదు, కంప్యూటరు. దాని అసలు పేరు పెట్టె మీద ఇంత పొడుగున రాసుంది, మాలో ఎవరికీ నోరు తిరగదు. మోక్పో రేవుకి ఎదురుగా కొండవాలులో ఉన్న ఈ ఆసుపత్రిలో కదిలే ఎక్స్‌రే బొమ్మలు తీసే గదిని నడిపేది నేను. నా పేరు తాక్ మ్యోంగ్‌హున్. డాక్టర్లు రోగి తొడ మొదట్లో చిన్న రంధ్రం చేసి, సేమ్యా అంత సన్నటి గొట్టాన్ని రక్తనాళంలోకి ఎక్కించి, లోలోపలే తోసుకుంటూ కాలేయం దాకా తీసుకెళతారు. పెద్ద కోత ఉండదు, కుట్లుండవు, రోగి మెలకువగానే ఉంటాడు. లోపల ఏం జరుగుతోందో తెలియడానికి తెర మీది ఎక్స్‌రే ఒక్కటే దిక్కు. ఆ తెరంతా బూడిదరంగు. అందులో గొట్టం కొన ఎక్కడుందో పట్టుకోవడం పొగమంచు పూట పడవ దీపాన్ని పట్టుకోవడం లాంటిది.

ఇదివరకు ఆ కొనని డాక్టరూ నేనూ కలిసి వెతికేవాళ్ళం. డాక్టరు బల్ల దగ్గర, నేను సీసం కలిపిన అద్దం వెనకాల, మధ్యలో మైకు. "తాక్‌గారూ, ఎక్కడ పోయింది?" "పక్కటెముక కింద, కొంచెం మీ ఎడమకి." "ఏదీ?" "ఇంకొంచెం కిందకి రండి." "ఆఁ, దొరికింది!" ఇదే వరస రోజంతా. అబ్బ, విసుగు పుట్టేది. ఇప్పుడు ఆ విసుగు కోసం మొహం వాచిపోయి ఉన్నాను. మిణుగురు ఆ కొన చుట్టూ ఆకుపచ్చ వలయం గీస్తుంది. కొన ఎటు పోతే వలయం అటు పోతుంది. అలిసిపోదు, తుమ్మదు, రెప్ప వాల్చదు. దాని వల్ల రోగులకి మేలే జరిగింది కాబట్టి దాని మీద నాకు కోపం ఉండకూడదు. ఉంది.

నాకు మిగిలినవి మూడు మాటలు. ఊపిరి పీల్చండి. బిగబట్టండి. వదలండి. కొన్ని రోజులు పొద్దుట్నించి సాయంత్రం దాకా నా నోట్లోంచి ఇంకో మాట రాదు. చేపల కొట్టు మీది ఒంటిగదిలో ఉంటాను. భోజనం బజారు చివర హోటల్లో, గోడకి ఎదురుగా వేసిన బల్ల దగ్గర. ఒంటిగా వచ్చేవాళ్ళ కోసమే ఆ బల్ల వేశారు. ఒంటరివాణ్ణని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. సిగ్గుపడాలన్నా ఎదురుగా ఇంకో మనిషి ఉండాలి కదా.

అలాంటి రోజుల్లో వచ్చింది మేంగ్ బునోక్ అమ్మ.

డాక్టర్ ప్యో జీఆన్ నన్ను తన గదికి పిలిపించింది. సియోల్ నుంచి వచ్చిన చిన్నావిడ. చెయ్యి మంచిది, ఓపిక తక్కువ. ఎదురుగా కుర్చీలో పూల చొక్కా మీద దూది కోటు వేసుకుని ఒక ముసలమ్మ కూర్చుంది, ఆవిడే బునోక్ అమ్మ. మనిషి పొట్టి, భుజాలు మాత్రం సంచులు మోసే కూలీవి. రేవు దగ్గర ఆడవాళ్ళ స్నానశాలలో వచ్చినవాళ్ళకి ఒళ్ళు రుద్దే పని చేసేదట. తెర మీద ఆవిడ స్కాను ఉంది. కాలేయంలో గడ్డ ఉంది, నిమ్మకాయంత. అది కాదు డాక్టరు చూపిస్తున్నది. వీపంతా, నడుమంతా, కుడి పక్కటెముకల మీదా తెల్లటి గీతలు. బియ్యపు గింజంత ఒక్కొక్కటి. ఎవరో గుప్పెడు నూకలు చల్లినట్టు ఉంది.

"ఇవేంటి అమ్మగారూ?" అంది డాక్టర్ ప్యో.

"సూదులు. బంగారంతో చేసినయ్యి."

"లోపలే ఉండిపోయాయా?"

"నొప్పులకి పెట్టేయ్యి, ఉండిపోడానికే పెడతారు. తీసేసేదైతే ఇనప సూది చాలదా?"

"ఎవరు పెట్టారు?"

"మా సూదులాయన."

"లైసెన్సు ఉందా ఆయనకి?"

ముసలమ్మ నా వైపు చూసింది, ఈ పిల్ల ఏమడుగుతోందయ్యా అన్నట్టు. "ఆయనకి సొంత గొడుగే లేదు తల్లీ. ఇంక లైసెన్సొకటా!"

నాకు నవ్వొచ్చింది. డాక్టర్ ప్యోకి రాలేదు. విషయం నిదానంగా చెప్పింది. గడ్డకి రక్తం తీసుకెళ్ళే నాళంలోకి గొట్టం పంపి, మందు వదిలి, ఆ దారి మూసెయ్యాలి. ఆ గొట్టం కొనకి ఉండే గుర్తు కూడా సరిగ్గా ఇంతే ఉంటుంది, ఇలాగే ఉంటుంది. కాలేయం మీద ఇన్ని సూదులుంటే కొన ఏదో, సూది ఏదో కంప్యూటరుకీ తెలియదు, తనకీ తెలియదు. తప్పు నాళంలో మందు వదిలితే పేగులు కుళ్ళిపోతాయి.

"అందుకని ముందు ఆ పక్కటెముకల మీది సూదులు తీసేద్దాం. చిన్న ఆపరేషనే."

ముసలమ్మ లేచి నిలబడి కోటు గుండీలు పెట్టుకోవడం మొదలెట్టింది.

"ఎక్కడికమ్మగారూ?"

"ఇంటికి. ఇంతకుముందు వేరే ఆసుపత్రిలోనూ ఇదే పాట పాడారు. ఆళ్ళకీ దణ్ణం పెట్టి వచ్చా."

"ఈ గడ్డని ఇలాగే వదిలేస్తే ఏమవుతుందో తెలుసా మీకు?"

"తెలీకేం. చస్తా. సూదులతో చస్తా. ఒక్కటి కూడా తియ్యనియ్యను."

గొంతులో కోపం లేదు. బస్సు టైము చెప్పినట్టు చెప్పింది. డాక్టర్ ప్యో కాసేపు పెన్ను మూత పెడుతూ తీస్తూ కూర్చుంది. ఆవిడ ఓపిక అయిపోయిందనుకున్నాను. కాదు, ఆలోచిస్తోంది.

"తాక్‌గారూ, మిణుగురుకి ఫలానాది పనిముట్టు కాదని చెప్పే బటన్ ఒకటుంది కదా?"

"ఉంది. ఎప్పుడూ వాడలేదు."

"సూదులన్నిటికీ ముందే అలా చెప్పేస్తే? ఒక్కొక్కదాన్నీ పట్టించుకోకు, పట్టించుకోకు అని. అప్పుడు కొత్తగా లోపలికొచ్చేది కొన ఒక్కటే కదా."

"అన్నిటికీనా?"

"అన్నిటికీ. మీరు కూర్చుని చెయ్యాలి." ముసలమ్మ వైపు తిరిగింది. "అమ్మగారూ, ఒక్క సూది కూడా ముట్టుకోను. మాటిస్తున్నాను. కూర్చోండి."

ముసలమ్మ కూర్చుంది. గుండీలు మాత్రం విప్పలేదు.

నా మాటలు మింగేసిన కంప్యూటరుకి నేనే పాఠాలు చెప్పాలన్నమాట. గొణుక్కుంటూనే ఒప్పుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం బునోక్ అమ్మని బల్ల మీద పడుకోబెట్టి కాసేపు ఎక్స్‌రే నడిపాను. మిణుగురుకి పిచ్చెక్కింది. తెర నిండా ఆకుపచ్చ వలయాలు. వీపు మీద, నడుం మీద, పక్కటెముకల మీద, అన్నీ ఒకేసారి వెలుగుతున్నాయి. ఆవిడ ఊపిరి పీల్చినప్పుడల్లా గుంపంతా కలిసి పైకి లేచి కిందికి దిగుతోంది. నిజం చెప్పొద్దూ, నాకు భలే సంతోషమేసింది. వచ్చిన ఇన్నాళ్ళకి మొదటిసారి అది బిక్కమొహం వేసింది.

బొమ్మ తీయడం అయిపోయింది, ఇక వార్డుకి వెళ్ళొచ్చన్నాను. ఆవిడ కదల్లేదు. ఆసుపత్రి గౌనులోనే నా అద్దాల గదిలోకి వచ్చి, నా పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ స్టూలు మీద మనిషి కూర్చుని చాలా కాలమైంది. దాని మీదున్న నా స్వెట్టరు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నన్నూ చూడనియ్యి నాయనా. ఇయ్యి నా ఒంట్లో పడి ఇన్నేళ్ళయింది, ఒక్కసారి మొకం చూసిందాన్ని కాదు."

చూడనిచ్చాను. ఆవిడకి బార్లీ టీ పోసిచ్చాను. నేను ఒక్కో సూది మీద నొక్కుతున్నాను. నొక్కగానే దాని చుట్టూ వలయం ఆరిపోతుంది. సూది అక్కడే ఉంటుంది, కంప్యూటరు లెక్కలోంచి మాత్రం పోతుంది.

"ఆగాగు. అది వీపు మీదదేనా? అది పండగ ముందు పెట్టాడు. చుసోక్ పంటల పండక్కి ముందు ఊరంతా ఒక్కసారే తానానికొచ్చి పడేది. రుద్దీ రుద్దీ చెయ్యి లేచేది కాదు. ఈ పక్కన జంటగా ఉన్నయ్యా? అయ్యి బాయిలరు పేలిన ఏడు. తడి నేల మీద ఎల్లికిలా పడ్డా."

"అన్నీ గుర్తున్నాయామ్మా మీకు?"

"ఏంది, నీ ఒంట్లో ఎవురన్నా బంగారం దాచిపెడితే మర్చిపోతావా?"

నా ఒంట్లో ఎవరూ ఏమీ దాచలేదు.

సూదులాయన ద్వీపాల మీద తిరిగేవాడట. పడవెక్కి ఒక్కో ద్వీపంలో దిగి, జాలర్ల మోకాళ్ళకీ నడుములకీ సూదులు పెట్టి, మళ్ళీ రేవుకి చేరేవాడు. స్నానశాల పక్క సందులో సత్రంలో దిగేవాడు. రెండు రోజులో, మూడు రోజులో ఉండేవాడు. చిందో ద్వీపంలో ఇల్లుంది, భార్య ఉంది, పిల్లలున్నారు. బునోక్ అమ్మకి అన్నీ తెలుసు.

"తెలిసీ ఎలా ఊరుకున్నారు?" అన్నాను. నేనెవర్ని అడగడానికి? కానీ ఆవిడ పక్కన కూర్చుంటే మాటలు వాటంతటవే వస్తున్నాయి.

"ఏం చెయ్యమంటావు, కొట్టమంటావా? నువ్వు పెళ్ళాన్ని కొట్టేవాడివా?"

"నాకు పెళ్ళాం లేదు. వెళ్ళిపోయింది."

"ఎళ్ళిపోతా ఉంటే నువ్వేం చేశావు?"

"సూట్‌కేసు కిందకి మోసిపెట్టాను."

బునోక్ అమ్మ నన్ను పైనించి కిందకి చూసి, నాలుక చప్పరించింది. "నీయంత మంచోడు కాటికి కూడా సాయం రాడు." ఆ తిట్టు నాకు ఎంత బాగుందో చెప్పలేను. ఎవరైనా నన్ను తిట్టి ఎన్నాళ్ళయింది!

పక్కటెముకల దగ్గరికి వచ్చాం. కుడి వైపు, కాలేయానికి సరిగ్గా ఎదురుగా. అన్నిటికంటే ఎక్కువ సూదులు ఇక్కడే ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి పడి అల్లుకుపోయి ఉన్నాయి. వేరు చెయ్యడానికి బొమ్మని ముందుకీ వెనక్కీ నడపాల్సి వచ్చింది.

"ఇక్కడ బాగా నొప్పి ఉండేదనుకుంటా," అన్నాను.

ఆవిడ టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. నేను నాలుగైదు నొక్కాక మెల్లగా అంది.

"అక్కడ నొప్పే లేదు నాయనా."

"మరి?"

"పడవ పొద్దున్నే బయల్దేరేది. ఆయన మూట కట్టుకునే ఏళకి నాకు ఇక్కడ నొప్పి మొదలయ్యేది. అబ్బా అని కుడి పక్క పట్టుకుని కూలబడేదాన్ని. ఆయన మూట విప్పేవాడు. దీపం మీద సూది కాల్చి, ఒకటో రెండో పెట్టేవాడు. ఈలోగా పడవ కూత పెట్టి ఎళ్ళిపోయేది. ఇంక మర్నాటి దాకా ఆయన నా కాడే."

తెర మీంచి వేలు తీసి ఆవిడ వైపు తిరిగాను.

"ఆయనకి తెలిసేది కాదా?"

"తెలీకపోవడమేంది? బొటనవేలితో ముట్టుకుంటే నొప్పి ఎంత లోతుందో చెప్పే మడిసి. తెలిసే పెట్టాడు. ఒక్కసారి కూడా నువ్వు అబద్ధమాడతన్నావు అన్లేదు. ఒక్కసారి కూడా డబ్బులడగలా." గ్లాసు కింద పెట్టింది. "ఒక ఏడు మంచు కాలంలో ఎళ్ళాడు, మళ్ళా రాలేదు. పడవ టిక్కెట్లిచ్చే పిల్ల చెప్పింది, అప్పటికే మట్టి చేసేశారంట. నన్నెవురు పిలుస్తారు? నాకు ఆయన బొమ్మ లేదు, బట్ట లేదు, ఊళ్ళో నాతో ఆయన గురించి మాట్లాడే మడిసి లేడు. ఇయ్యి ఉండాయి. ఈటిని తీసేస్తానంటే నేను బతికి ఏం చెయ్యాలి?"

సరిగ్గా ఆ చోటే, ఆ సూదుల కిందే, ఇప్పుడు గడ్డ పెరిగింది. ఆ సంగతి ఆవిడకి తెలుసు. నాకూ తెలుసు. ఆ రాశిలోని సూదుల మీద ఒక్కొక్కదాని మీదా నొక్కుకుంటూ వచ్చాను. పట్టించుకోకు. పట్టించుకోకు. చివరికి తెర మీద ఒక్క వలయం కూడా మిగల్లేదు. ఆవిడని వార్డుకి పంపి, హోటల్లో గోడకెదురు బల్ల దగ్గర కూర్చుని ఉడుకుడుకు చేపల పులుసు తాగుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆవిడ కోసం కాదు. పడవ టైముకి నన్ను ఆపడానికి అబద్ధమాడే మనిషి ఈ భూమ్మీద లేనందుకు.

మర్నాడు పొద్దున్నే చికిత్స. బునోక్ అమ్మని బల్ల మీద పడుకోబెట్టి, మెడ నుంచి పాదాల దాకా నీలం గుడ్డలు కప్పారు. మొహం మాత్రం బయటకుంది. తల పక్కకి తిప్పితే డాక్టరు చూసే తెరే ఆవిడకీ కనిపిస్తుంది. డాక్టర్ ప్యో గొట్టం ఎక్కించింది. నేను ఎక్స్‌రే వదిలాను.

మిణుగురు బుద్ధిగా ఉంది. ఇన్ని సూదుల మధ్యలో గొట్టం కొన ఒక్కదాని చుట్టే వలయం. అది కాలేయంలోకి మలుపు తిరిగింది, సన్న నాళంలోకి దూరింది, సూదుల గుంపు వెనక్కి వెళ్ళింది. ఎక్కడా తడబడలేదు. "ఊపిరి పీల్చండి. బిగబట్టండి," అన్నాను మైకులో. గడ్డ ముందుకి చేరాక డాక్టర్ ప్యో మందు వదిలింది. గడ్డకి దారి మూసుకుపోయింది. డాక్టరు అద్దంలోంచి నా వైపు చూసి తలూపింది. నిన్న మధ్యాహ్నమంతా నేను చేసిన పనికి అదే మెప్పు.

గొట్టాన్ని వెనక్కి లాగుతున్నప్పుడు రెండో వలయం వెలిగింది.

వెన్నెముకకి కొంచెం కుడి పక్కన, కాలేయం పైఅంచు దగ్గర. ఆరిపోయింది, మళ్ళీ వెలిగింది.

"తాక్‌గారూ, ఒకటి వదిలేసినట్టున్నారు."

"లేదండీ, అన్నీ నొక్కాను." నిన్న అది వెన్నెముక నీడలో కలిసిపోయి ఉంటుంది. సరే, ఇప్పుడు నొక్కేద్దామని వేలు పెట్టాను.

"నొక్కకండి!" అంది డాక్టర్ ప్యో. "ఊపిరి బిగబట్టించండి."

"ఊపిరి బిగబట్టండమ్మా."

ఆవిడ బిగబట్టింది. సూదులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆ ఒక్కటి ఆగలేదు. కొట్టుకుంటోంది. గుండె కొట్టుకుంటున్న లెక్కలోనే అదీ ఊగుతోంది.

"వదలండి," అన్నాను.

డాక్టర్ ప్యో బల్ల పక్కకి వచ్చి, మాస్కు కొంచెం కిందకి లాగి, ఆవిడ మొహం మీదకి వంగింది.

"అమ్మగారూ, గడ్డ పని అయిపోయింది. బాగా అయింది. కానీ ఒక సూది ఉండాల్సిన చోట లేదు. పక్కటెముకల దగ్గర పెట్టిందే అయ్యుంటుంది. ఎప్పుడో కదిలి కాలేయంలోకి దిగి, అక్కణ్ణించి పెద్ద సిరలోకి వచ్చింది. రక్తంతో పాటు పైకి పోతోంది."

"పైకంటే?"

"గుండె వైపు."

"ఎటూ?"

"గుండె వైపండీ."

బునోక్ అమ్మ నవ్వడం మొదలెట్టింది. మొదట ముక్కుతో, తర్వాత పొట్టతో. నీలం గుడ్డలు ఊగుతున్నాయి, తెర మీద సూదులన్నీ గంతులేస్తున్నాయి. "కదలకండమ్మగారూ, కదలకండి," అని నర్సు భుజాలు పట్టుకుంది.

"బతికున్నన్నాళ్ళూ సందు దాటి నా గుమ్మం తొక్కడానికి వందసార్లు ఆలోచించేవాడు తల్లీ," అంది ఊపిరాడక. "సచ్చినాక గుండెకాయలోకే బయల్దేరాడా!"

ఎవరూ నవ్వలేదు. ఆవిడ నవ్వు కూడా మెల్లగా ఆగిపోయింది.

"అది గుండెకి గుచ్చుకుంటే ప్రాణం పోవచ్చు," అంది డాక్టర్ ప్యో. "ఇప్పుడే, ఈ బల్ల మీదే, తొడ దగ్గర సిరలోంచి చిన్న తీగ ఉచ్చు పంపి పట్టి లాగెయ్యగలను. కానీ ఒక్కటీ ముట్టుకోనని మీకు మాటిచ్చాను. అందుకే అడుగుతున్నాను. మీరు వద్దంటే ముట్టను."

బునోక్ అమ్మ తల పక్కకి తిప్పి తెర చూస్తోంది. అద్దం ఇవతల నుంచి నాకు ఆవిడ చెవి, కొంచెం చెంప మాత్రం కనిపిస్తున్నాయి.

"తాక్ బాబూ," అంది తెర వైపే చూస్తూ. "ఆ పచ్చ గుండ్రంలోదే గదూ?"

"అదేనమ్మా."

"ఎట్టా పోతంది?"

"కొంచెం ముందుకొస్తోంది, ఆగుతోంది. మళ్ళీ వస్తోంది."

"ఆయన నడకా అంతే," అంది. "ఉండనిస్తే ఏం నాయనా? రానీ. ఇన్నాళ్ళకి వస్తన్నాడు."

బునోక్ అమ్మ నన్ను అడిగింది, డాక్టర్ని కాదు. నేను చెప్పాల్సిన మూడు మాటల్లో ఈ సమాధానం లేదు. మైకు బటన్ నొక్కాను.

"తీయించుకోండమ్మా. నిన్న మీతో మాట్లాడినంత సేపు నేను ఎవరితోనూ మాట్లాడి ఏళ్ళయింది. వచ్చే నెల మీరు పరీక్షకి రావాలి. ఆ స్టూలు మీద కూర్చోవాలి. నన్ను ఇంకా తిట్టాలి. నాకు అంతకన్నా ఏం తెలీదు."

నా మాటలు గదంతా వినపడ్డాయి. నర్సు అద్దం వైపు తిరిగి చూసింది. చూస్తే చూసింది.

తెర మీద వలయం ఇంకొంచెం పైకి జరిగింది. డాక్టర్ ప్యో తీగ ఉచ్చు చేతిలో పట్టుకుని నిలబడే ఉంది.

"పడవ టైముకి ఎప్పుడూ అబద్ధమాడి ఆపేదాన్ని," అంది బునోక్ అమ్మ చివరికి. "ఆయనకి ఇల్లు గుర్తొస్తా ఉండేది, పాపం. నాకు తెలుసు. మొకం చూస్తే తెలుసుద్దిగా. తెలిసే పక్క పట్టుకుని కూలబడేదాన్ని." ఊపిరి గట్టిగా పీల్చింది. ఈసారి నేను చెప్పకుండానే. "ఒక్కసారన్నా పోనియ్యాలి గదా మడిసిని. తియ్యి తల్లీ. పోనియ్యి."

డాక్టర్ ప్యో తల వంచి పని మొదలెట్టింది. ఉచ్చు సిరలోంచి పైకి వెళ్ళింది. మిణుగురు రెండిటికీ రెండు వలయాలు గీసింది. అవి దగ్గరయ్యాయి, తప్పిపోయాయి, మళ్ళీ దగ్గరయ్యాయి. "ఊపిరి బిగబట్టండమ్మా," అన్నాను. బిగబట్టింది. రెండు వలయాలు ఒకటయ్యాయి. ఉచ్చు బిగిసింది.

తర్వాత అది కిందకి దిగడం మొదలుపెట్టింది. కాలేయం పక్కనించి, మిగతా సూదుల పక్కనించి, నడుం దాటి, తుంటి ఎముక దాటి. ఆకుపచ్చ వలయం దాన్ని వదలకుండా కూడా వెళ్ళింది. బునోక్ అమ్మ కళ్ళు దాని వెంటే కిందకి దిగుతున్నాయి. ఊపిరి వదలమని నేను చెప్పాలి. చెప్పడం మర్చిపోయాను. వలయం తెర అడుగు అంచుకి చేరింది, సగం అయింది, లేదు.

"వదలండి," అన్నాను.

ఆవిడ వదిలింది. ఆ ఊపిరి ఏడుపుగా బయటికొచ్చింది. చేతులు గుడ్డల కింద ఉండిపోయాయి, తుడుచుకోవడానికి లేదు. కన్నీళ్ళు పక్కకి జారి చెవిలోకి పోతున్నాయి. నర్సు సూదిని స్టీలు గిన్నెలో వేసి, చూస్తారా అని అడిగింది. ఆవిడ వద్దని తల తిప్పుకుంది. డాక్టర్ ప్యో తొడ దగ్గర గాయాన్ని రెండు చేతులతో అదిమిపెట్టి, తలెత్తకుండా నిలబడింది.

తెర మీద సూదులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక్క వలయం కూడా లేదు. మిణుగురుకి వెతకడానికి ఇంకేం లేదు. నాకు చెప్పడానికి కూడా ఇంకేం లేదు. ఎక్స్‌రే ఆపేశాను. తెర నల్లబడింది.

"బాబూ," అంది బునోక్ అమ్మ చీకటి తెర వైపు తిరిగి. "ఉండావా?"

బటన్ నొక్కాను. "ఉన్నానమ్మా."

"ఏం మాట్టాడకపోయినా పర్లేదు. ఆ మైకు మటుకు ఆపమాక."

బయట వరండాలో తర్వాతి రోగి స్ట్రెచరు వచ్చి ఆగింది, ఎవరో తలుపు కొట్టారు. నేను బటన్ మీంచి వేలు తియ్యలేదు.